నాయనమ్మ సింగర్ మిషను షాక్ కొడుతోంది: వైరింగ్ మార్చాలా, హ్యాండిల్ పెట్టాలా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను, ఫోటోలు పెద్దవి చేసి చూశాను. నాయనమ్మగారి నల్ల సింగర్ మిషను, వెనక మోటారు, కింద పెడల్. ప్లగ్ పెట్టి స్విచ్ వేస్తే పెడల్ తొక్కకుండానే దానంతటది తిరుగుతోంది. బాడీ మీద చెయ్యి వేస్తే జిల్లుమంటోంది. వైరు వంచితే పైతొడుగు పెంకులా రాలి లోపలి రాగి కనబడుతోంది. వైరింగ్ అంతా మార్పించాలా, లేక మోటారు పీకేసి చేత్తో తిప్పే హ్యాండిల్ పెట్టుకోవాలా అన్నది మీ ప్రశ్న. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు కాబట్టి తొక్కుడు స్టాండు వద్దన్నారు. డాలస్‌లో మీ అక్కగారు కొన్న మిషనుకి కూడా హ్యాండిల్ పెట్టొచ్చా అని చివర్లో అడిగారు.

ముందు ఆ ప్లగ్ తీసేయండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ గోడ నుంచి బయటికి రావాలి. టెస్టరు పెట్టి చూశాం, లైటు వెలగలేదు కాబట్టి ఫరవాలేదు అన్నారు కదా, ఆ మాట నమ్మకండి. టెస్టరు వెలిగితే కరెంటు ఉన్నట్టు. వెలగకపోతే లేనట్టు కాదు. చెప్పులు లేకుండా గచ్చు మీద కూర్చుని కుట్టే ఇల్లు మనది.

ఇక నా సలహా. ఈ వారమే హ్యాండిల్ పెట్టేయండి. మోటారు మాత్రం పారేయకండి, దాని పని తీరిగ్గా చేయించి పక్కన పెట్టుకోండి. రెండింట్లో ఏదో ఒకటే ఎంచుకోవాలని మీరు టెన్షన్ పడుతున్నారు గానీ, ఈ మిషనుకి ఆ అవసరం లేదు. ఎందుకో చెబుతాను.

మీ మూడో ఫోటోలో చక్రం చూడండి. దానికి ఆకులున్నాయి, అంటే మధ్యలో ఖాళీలున్నాయి. ఫ్యాక్టరీలోనే మోటారుతో పుట్టిన సింగర్లకు చాలావరకు ఆకుల్లేని మూసుకుపోయిన చక్రం ఉంటుంది. ఇంకా దగ్గరగా చూస్తే ఒక ఆకు పక్కన పూత అరిగి ఇనుము కనబడుతోంది, మిగతా ఆకులు బాగానే ఉన్నాయి. హ్యాండిల్ తాలూకు నాలుక, అంటే ఆకుల మధ్యకు దూరి చక్రాన్ని తిప్పే ముక్క, ఏళ్ల తరబడి ఆ ఆకునే తోస్తూ వచ్చిన గుర్తు అది. మీ నాయనమ్మగారు కొన్నప్పుడు ఇది చేతి మిషనే. మోటారు తర్వాత ఎప్పుడో బిగించారు. కాబట్టి మీరు కొత్తగా మార్చేదేమీ లేదు, పాత భాగం తిరిగి పెడుతున్నారంతే.

నంబరు ప్లేటు మీద ఇఎఫ్ అని మొదలవుతోంది. ఇ తో మొదలై పక్కన ఇంకో అక్షరం ఉన్న నంబర్లు స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీవి. ఆ చోటి పేరు కిల్బోవీ. మోడల్ నంబర్ల చివర 15కె, 99కె, 201కె అని వచ్చే కె ఆ కిల్బోవీదే. 1880ల్లో మొదలైన ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. ఊళ్లో రైల్వే స్టేషన్ పేరు మాత్రం ఇప్పటికీ సింగరే. మీది కింద దారం చుట్టే బాబిన్ నిలువుగా నిలబడి ఎడమ చివర నుంచి లోపలికి పోయే రకం, పై దారం బిగువు సరిచేసే టెన్షన్ బిళ్ల కూడా ఎడమ మొహం మీదే ఉంది. అంటే 15 వర్గం. మన దేశంలో తయారైన నల్ల ఉషా, మెరిట్, రీటా మిషన్లు దాదాపు అన్నీ ఈ 15 వర్గాన్ని చూసి చేసినవే. అందుకే ఇంత పాత విదేశీ మిషనుకి కూడా సూది, బాబిన్, బాబిన్ కేసు, హ్యాండిల్ ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతాయి. లూథియానాలో తయారైన హ్యాండిల్ సెట్టు కొన్ని వందల్లో వచ్చేస్తుంది. పాత హ్యాండిల్ అటక మీద ఉందేమో ముందు వెతకండి. అప్పట్లో తీసిన భాగాన్ని ఎవరూ పారేసేవాళ్లు కాదు, బియ్యం డబ్బా వెనకాలో పాత ట్రంకు పెట్టెలోనో పడుండచ్చు. దొరికితే అదే పెట్టండి. పాత పోత ఇనుము హ్యాండిల్ ముందు కొత్తది రేకు బొమ్మలా ఉంటుంది.

బిగించడం పెద్ద పనేమీ కాదు. చక్రం పక్కన స్తంభం వెనక పోతలోనే ఒక ఉబ్బు, దానికి మరతో ఒక రంధ్రం ఉంటాయి. మోటారు పట్టీ ఇప్పుడు ఆ బోల్టు మీదే నిలబడి ఉంది. ఆ ఒక్క బోల్టు విప్పితే మోటారు వచ్చేస్తుంది, అదే చోట హ్యాండిల్ కూర్చుంటుంది. కొత్త రంధ్రాలు వేయాలని ఎవరైనా అంటే మిషను వెనక్కి తెచ్చేసుకోండి. బెల్టు తీసేశాక హ్యాండిల్ నాలుకను పక్కకు మడిచి, ఉబ్బు మీద కూర్చోబెట్టి, బోల్టు సగం బిగించి, అప్పుడు నాలుకను రెండు ఆకుల మధ్యకు దించండి. నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి చూడండి. నాలుక చక్రం అంచుకి గానీ లోపలి కుండకి గానీ రాసుకోకూడదు. రాసుకుంటే హ్యాండిల్‌ను కాస్త ముందుకో వెనక్కో జరిపి అప్పుడు పూర్తిగా బిగించండి. నాలుకకు రెండు పక్కలా చిన్న తోలు ముక్కలు గానీ రబ్బరు గానీ ఉండాలి. అవి అరిగిపోతే ప్రతి కుట్టుకీ టకటకమని కొడుతుంది. పాత చెప్పు తోలు ముక్క కోసి అంటించినా పనిచేస్తుంది, నేను చాలాసార్లు అదే చేశాను. గేరు ఇరుసులో ఒక చుక్క నూనె, పళ్ల మీద కాస్త గ్రీజు.

ఇక్కడ కొత్తవాళ్లంతా తప్పు చేసేది ఒక్కచోటే. చక్రం పైభాగం మన వైపుకి రావాలి, అది అందరికీ తెలుసు. కానీ మధ్యలో గేర్లు ఉన్నాయి కాబట్టి హ్యాండిల్‌ను మన నుంచి అవతలికి తిప్పాలి. తిరగలి తిప్పిన అలవాటు కొద్దీ తమ వైపుకి తిప్పేవాళ్లు ఉంటారు, వెంటనే కింద దారం చిక్కుపడి మిషను పాడైందనుకుంటారు. హ్యాండిల్ ఒక చుట్టు తిరిగితే మామూలుగా మూడు కుట్లు పడతాయి. నిమిషానికి 60 చుట్లు తిప్పితే 180 కుట్లు. అంగుళానికి పది కుట్లు పెట్టుకుంటే నిమిషానికి ఒకటిన్నర అడుగు కుట్టు అన్నమాట. దిండు గలీబులకి, లంగాలకి, చిరుగులకి ఈ వేగం ధారాళంగా సరిపోతుంది. రోజుకి పది రవికలు కుట్టి బతకాలంటే మాత్రం సరిపోదు. మీ అమ్మగారిది ఇంటి పనే అన్నారు కాబట్టి నాకు సందేహం లేదు. పైగా మలుపుల దగ్గర, రవిక మెడ దగ్గర, ఒక్కో కుట్టు లెక్కపెట్టి ఆపగలిగే హాయి మోటారు మీద రాదు. కుడిచెయ్యి హ్యాండిల్‌కి పోతుంది, గుడ్డను ఎడమచేత్తో ఒక్కదాంతోనే నడపాలి. దీనికి రెండు మూడు రోజులు పడుతుంది. అప్పటిదాకా పాత దుప్పటి ముక్క మీద గీతలు గీసి కుట్టమనండి.

హ్యాండిల్ పెట్టాక తిరగడం బరువుగా ఉంటే తప్పు హ్యాండిల్‌ది కాదు, లోపల ఎండిపోయిన నూనెది. మన ఇళ్లల్లో మిషను నూనె అయిపోతే చేతికందే సీసా కొబ్బరినూనె. పోసిన రోజు మెత్తగానే తిరుగుతుంది, కొన్నేళ్లకు జిగురై పట్టేస్తుంది. చలికాలంలో సరే సరి, తలకి రాసుకునే సీసాలోనే గడ్డకడుతుంది కదా. ఒక పెద్దావిడ పదేళ్ల పాటు కొబ్బరినూనె పోసిన ఉషా ఒకటి నా దగ్గరికి వచ్చింది, చక్రం అంగుళం కూడా కదల్లేదు. సుత్తి ముట్టుకోలేదు. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో కీలు కీలుకీ వెచ్చబెట్టి, కాస్త కిరోసిన్, ఆ తర్వాత మిషను నూనె, రెండు పూటలు అలా వదిలేసి, మూడో పూట చేత్తో ఊపితే కదిలింది. కిరోసిన్ జిగురును కరిగించడానికి మాత్రమే, నూనెకి బదులు కాదు. అది వాడిన ప్రతి చోటా తర్వాత మిషను నూనె తప్పనిసరి. ఇంకో మాట. ఆ బంగారు బొమ్మల మీద స్పిరిట్ గానీ, శానిటైజర్ గానీ, అద్దాలు తుడిచే నీళ్లు గానీ పడనివ్వకండి. వాటి మీద లక్క పూత ఉంటుంది, స్పిరిట్‌కి అది తెల్లబడి కరిగిపోతుంది. మిషను నూనె అద్దిన మెత్తటి గుడ్డ చాలు.

ఇప్పుడు వైరింగ్ సంగతి. మీ మోటారు మీద 200-250 వోల్టులు అని ఉంది, సింగర్‌దే. ఇలాంటి మోటార్లు కాలిపోవడం నేను చూసింది తక్కువ. పోయేది వాటి చుట్టూ ఉన్న సరంజామా. ఆ కాలంలో రాగి తీగ మీద గంధకం కలిపి కాచిన రబ్బరు తొడుగు వేసేవాళ్లు. వేడికి, గాలికి, రాగితో పడక అది ఎండి పెళుసవుతుంది. పైకి బాగానే కనబడే చోట కూడా, మోటారు లోపలికి దూరే రంధ్రం దగ్గర, పెడల్‌లోకి పోయే చోట, వంపు పడ్డ దగ్గరల్లా రాలిపోయి ఉంటుంది. కాబట్టి కనబడ్డ చోట టేపు చుట్టే మరమ్మతు వద్దు. నేను నేర్చుకునే రోజుల్లో ఒక మోటారుకి అలా టేపు చుట్టి పంపేశాను. వానాకాలం దాటాక అది తిరిగొచ్చింది, టేపు జిగురు కారి ఊడి, లోపల రెండు తీగలు కలిసి నల్లగా మాడి ఉన్నాయి. ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు, అది వాళ్ల అదృష్టం, నా తెలివి కాదు.

పెడల్ తొక్కకుండానే తిరుగుతోందన్నారు. అది దాదాపు ఖాయంగా పెడల్‌లోని కండెన్సరే. రేడియోలో గరగర రాకుండా ఉండటానికి సింగర్ వాళ్లు పెడల్ లోపల స్విచ్‌కి అడ్డంగా కాగితపు కండెన్సర్ ఒకటి పెట్టేవాళ్లు, వేలెడు గొట్టంలా ఉంటుంది. ఇన్నేళ్లకు లోపల తేమ చేరి అది షార్టవుతుంది. స్విచ్ తెరిచి ఉన్నా కరెంటు దాని గుండా పోతుంది, మిషను పరుగు మొదలుపెడుతుంది. సూది కింద వేలున్నప్పుడు ఇలా జరిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. బాగున్నా బాగోకపోయినా దాన్ని కత్తిరించి తీసేయించండి. అది లేకపోయినా మోటారు మామూలుగానే తిరుగుతుంది. మళ్లీ పెట్టాలనుకుంటే ఎక్స్2 అని ముద్ర ఉన్నది, 275 వోల్టుల ఏసీ రకం, 0.1 మైక్రోఫారడ్ తీసుకోండి. ఫ్యాను కండెన్సర్ అమర్చేస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. కొన్ని మోటార్ల లోపల కూడా ఇలాంటిదే ఒకటి ఉంటుంది, అది బాడీకి కలిపి ఉంటే జిల్లుమనడానికి కారణం అదే కావచ్చు. దాన్ని కూడా చూడమనండి.

ఇంట్లో కరెంటు పని తెలిసినవాళ్లు లేకపోతే ఇది మీరు చేయకండి, ఊళ్లో మోటార్లు చుట్టే మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లండి. మామూలు ఇంటి వైరింగ్ ఎలక్ట్రీషియన్ కన్నా మిక్సీలు, డ్రిల్లు మిషన్లు బాగుచేసేవాడు నయం, ఎందుకంటే ఇది కూడా మిక్సీ లాంటి కార్బన్ బ్రష్‌ల మోటారే. ఏం అడగాలో చెబుతాను. మోటారు మూత విప్పే ముందు రెండు పక్కలా కార్బన్లు బయటికి తీయాలి, లేకపోతే విరుగుతాయి. ఏది ఏ పక్కదో, ఏ ముఖం పైకి ఉందో గుర్తు పెట్టుకుని మళ్లీ అలాగే పెట్టాలి, అవి కమ్యుటేటర్ (కార్బన్లు రాసుకునే రాగి పట్టీల చుట్టు) వంపుకి అరిగి కుదిరిపోయి ఉంటాయి. లోపల తిరిగే ఆర్మేచర్ ఇరుసు మీద పలుచటి వాషర్లు ఉంటాయి, వాటి వరస తప్పకూడదు. కమ్యుటేటర్‌ను స్పిరిట్ అద్దిన దూదితో తుడిస్తే చాలు, ఎమరీ కాగితం పెట్టి రుద్దితే ఆ పొడి పట్టీల మధ్య ఇరుక్కుంటుంది.

కాయిల్ దగ్గర పాత తీగ ఇంకా మెత్తగా ఉన్న చోటిదాకా వెళ్లి అక్కడ కొత్త తీగ సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే స్లీవ్ వేయించండి. రెండు అతుకులూ పక్కపక్కన రాకుండా ఒకటి ముందు ఒకటి వెనక ఉండాలి. బయటికి 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి ఫ్లెక్సిబుల్ వైరు సరిపోతుంది. ఈ మోటారు లాగేది వంద వాట్లకు లోపే. వైరు దూరే చోట కొత్త రబ్బరు బుష్, లాగితే ఊడకుండా లోపల ఒక ముడి.

ప్లగ్ నుంచి వచ్చే వైరు మూడు తీగలది వేయించండి, అదే నేను ఈ ఉత్తరంలో గట్టిగా పట్టుబట్టే మాట. పాతదానికి రెండే ఉన్నాయి, ఎర్త్ లేదు. ఆకుపచ్చ తీగను మోటారు పట్టీ బోల్టు కింద బిగించాలి, అక్కడ పెయింటు కాస్త గీకి ఇనుము తేలాలి, లేకపోతే ఎర్త్ పెట్టినట్టే ఉంటుంది గానీ తగలదు. పెడల్ ఫేజు తీగ మీద రావాలి, న్యూట్రల్ మీద కాదు. న్యూట్రల్ మీద పెడితే కాలు తీసేసినా మోటారులో కరెంటు నిలబడే ఉంటుంది. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, లేకపోతే ఈ వంకనైనా పెట్టించండి. దానికయ్యే ఖర్చు మిషనుకి మాత్రమే అనుకోకండి, గీజరుకి, వాషింగ్ మిషనుకి కూడా అదే కాపలా.

పని అయ్యాక నేరుగా గోడ ప్లగ్‌లో పెట్టకుండా సిరీస్ బోర్డు మీద పరీక్షించమనండి. వంద వాట్ల పాత తీగ బల్బు, దానికి వరసలో మన మిషను. పెడల్ తొక్కకుండా బల్బు వెలగకూడదు. తొక్కితే మందంగా వెలిగి మోటారు నెమ్మదిగా తిరగాలి. భగ్గుమని పూర్తిగా వెలిగిందా, లోపల షార్టు ఉంది. ఎల్ఈడీ బల్బుతో ఈ పరీక్ష కుదరదు. తీగ బల్బులు ఇప్పుడు దొరకడం తగ్గింది గానీ మేస్త్రీల దగ్గర ఒకటైనా దాచుకునే ఉంటారు. ఆ తర్వాత ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మెగ్గరు ఉంటే దానితో, ప్లగ్ ఫేజు, న్యూట్రల్ పిన్నులకీ మిషను బాడీకీ మధ్య చూడాలి. 1 మెగాఓమ్ కన్నా తక్కువ చూపిస్తే మోటారు లోపల నూనె, కార్బన్ పొడి కలిసి పేరుకున్నట్టు, మళ్లీ శుభ్రం చేయాల్సిందే. మళ్లీ ఎప్పుడైనా మోటారు బిగిస్తే బెల్టు వేలితో నొక్కినప్పుడు అర అంగుళం లొంగాలి. బిగువుగా లాగి కడితే మోటారు వేడెక్కి బుష్‌లు అరుగుతాయి.

మీ అక్కగారి సంగతి. 15-91 అన్నారు. దానికి హ్యాండిల్ పెట్టలేరు. పేరులో 15 ఉంది గానీ ఆ మోడల్‌కి బెల్టే లేదు, చక్రం వెనక మోటారు మిషనులో భాగంగా ఉండి గేరుతో నేరుగా తిప్పుతుంది. హ్యాండిల్ కూర్చునే చోటూ, నాలుక దూరే ఆకులూ ఉండవు. వైరింగ్ మార్చుకోవడమే దారి, తీగలు రాలుతుంటే అక్కడా ఇదే కథ. ఆ మోటారు గేరుకీ బేరింగులకీ గ్రీజు కావాలి, నూనె కాదు. దాన్ని ఇండియాకి తెచ్చే ఆలోచన ఉంటే అది 110 వోల్టులది, మన 230కి నేరుగా పెడితే నిమిషాల్లో పొగ. 50 హెర్ట్జ్ వల్ల ఇబ్బంది లేదు, కార్బన్ బ్రష్‌ల మోటారు డీసీకైనా తిరుగుతుంది. రాగి చుట్ట ఉన్న బరువైన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, 300 వీఏ రకం తీసుకోమనండి. అరచేతిలో పట్టే తేలికపాటి ప్రయాణాల కన్వర్టర్ వద్దు.

చివరగా చిన్న విషయం, కానీ హ్యాండిల్ పెట్టిన రోజే మీకు అవసరమవుతుంది. ఫోటోలో సూది తిరగబడి ఉంది. 15 వర్గంలో సూది చదును ముఖం ఎడమ వైపుకి, దారం కుడి నుంచి ఎడమకి. ఇప్పుడున్నట్టే కుడితే కుట్టు పట్టదు, హ్యాండిల్ మీద అనుమానం వస్తుంది. కొత్త సూది వేయండి, 14 నంబరు. పెడల్ విప్పినప్పుడు లోపలి ఫోటో ఒకటి పెట్టండి, అందులో వేగాన్ని అదుపు చేసేవి కార్బన్ బిళ్లలా, చుట్టిన తీగా అన్నది చూసి మిగతాది చెబుతాను.